జాడీకి ప్రదక్షిణం

1983 నవంబరు 12, శనివారం నాటి నా డైరీలో మూడే వాక్యాలున్నాయి. "మొదటి పరీక్ష. నూటికి యాభై రెండు. ఐదుగురితో మొదలుపెట్టి ఇద్దరితో ముగించాను." ఆ ఇద్దరిలో ఒకావిడ పరీక్షాధికారి, వెళ్ళిపోయే స్వేచ్ఛ ఆవిడకు లేదు. రెండో ఆయన గోడవార బల్ల మీద కూర్చుని నిద్రపోయారు.

పరీక్ష ఎందుకో ముందు చెప్పాలి. మేము అమెరికాలో, ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. మా ఇంటికి పద్నాలుగు మైళ్ళ దూరంలో ఒక విశ్వవిద్యాలయపు మ్యూజియం ఉండేది. శనాదివారాల్లో వచ్చే సందర్శకులకు వస్తువులను చూపించి వివరించడానికి అక్కడ జీతం లేని గైడ్లు కావాలని పేపర్లో ప్రకటన చూసి చేరాను. ఇరవై మంగళవారాలు పాఠాలు, చివర ఒక పరీక్ష. తప్పితే మరొక్క అవకాశం. మూడోది లేదు.

జీతం లేని పనికి అంత ఆరాటం దేనికని మావారు ఒకటి రెండుసార్లు అడిగారు. గుంటూరులో పదకొండేళ్ళు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఈ దేశానికి వచ్చి అప్పటికి పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలో నేను మాట్లాడుతుంటే నిలబడి వినవలసిన అగత్యం ఒక్క మనిషికీ కలగలేదు. మావారికి ఈ సంగతి చెప్పలేదు. చెప్పినా ఆయన నిలబడి వినేవారు కారు.

పరీక్షకు నాకు కేటాయించిన వస్తువు ఒక గ్రీకు జాడీ. రెండు పిడులు, మధ్యలో నిండు పొట్ట. ఎర్రమట్టి మీద నల్లటి నీడల్లా మనుషులు; ఆ నలుపు మీద సన్నని మొనతో గీకి కళ్ళు, కండరాలు, గడ్డం వెంట్రుకలు తేల్చారు. మన తోలుబొమ్మల్లాగే అందరూ పక్కకు తిరిగి ఉంటారు, కన్ను మాత్రం మనల్నే చూస్తున్నట్టుంటుంది. ఒక పక్కన హెరాక్లీస్ అనే వీరుడు సింహంతో కుస్తీ పడుతుంటాడు. రెండో పక్కన అదే హెరాక్లీస్ బతికున్న అడవిపందిని భుజాన మోసుకొస్తే, దాన్ని తెమ్మని ఆజ్ఞాపించిన రాజు హడలిపోయి నేలలో పాతిన కాగులో దూకి దాక్కుంటాడు. రెండు పక్కలా ఎథీనా అనే దేవత బల్లెం పట్టుకుని నిలబడి చూస్తూ ఉంటుంది.

మొదటి పరీక్షలో ఇవన్నీ చెప్పాను. వీటితోపాటు జాడీ ఎత్తు, చుట్టుకొలత, మెడ కింది రేకుల వరుసలో ఎన్ని రేకులున్నాయో, వాటిలో ఎన్ని చెదిరిపోయాయో కూడా చెప్పాను. పదిహేను నిమిషాల ప్రసంగం ఇరవై ఏడు నిమిషాలకు చేరింది. పరీక్షాధికారి అరవై దాటిన మనిషి. పొట్టి తెల్ల జుట్టు, మెడలో గొలుసుకు కట్టిన కళ్ళజోడు. అన్నీ విని ఒక్క మాట అన్నారు.

"మీరు జాడీని కొలిచారు. చూపించలేదు."

రెండో పరీక్ష 1984 ఏప్రిల్ 14, శనివారం. ఈసారి ఎవరి శ్రోతలను వారే తెచ్చుకోవచ్చు, ఎనిమిది మందికి తగ్గకూడదు. నేను అంకెలన్నీ కొట్టివేసి ప్రసంగాన్ని కొత్తగా రాసుకున్నాను. సింహం దగ్గర ఆరు నిమిషాలు. కుడివైపుగా అవతలి పక్కకు నడవడానికి ఇరవై సెకండ్లు. పంది దగ్గర ఏడు నిమిషాలు. ప్రశ్నలకు నిమిషం నలభై సెకండ్లు. వెరసి పదిహేను. భోజనాల గదిలో ఎత్తుపీట మీద ఇత్తడి బిందెను బోర్లించి, గడియారం చేతబట్టి, రోజూ సాయంత్రం దాని చుట్టూ తిరుగుతూ సాధన చేశాను.

ఫిబ్రవరి నుంచి మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని నా సాధన చూసేవారు. నాలుగో రోజున నోరు విప్పారు.

"ఎడంచేతివైపు పెట్టుకుని తిరుగుతున్నావేమిటమ్మాయ్? అలా తిరక్కూడదు."

"ఇది బిందె అత్తయ్యా. దేవుడు కాదు."

"బిందెకైతే ఫరవాలేదులే," అని ఆవిడ మళ్ళీ వత్తులు చేసుకోసాగారు.

ఈ సంభాషణను ఆ రోజు డైరీలో రాయలేదు. రాసి ఉంటే దాని ప్రాముఖ్యం కొంతైనా తెలిసేదేమో.

శ్రోతలను కూడగట్టాను. మా అత్తగారు, మావారు. పక్కవీధిలోని నా స్నేహితురాలు, ఆమె భర్త, వాళ్ళ పద్నాలుగేళ్ళ అమ్మాయి. నా స్నేహితురాలిని చూడడానికి వచ్చిన ఆమె అమ్మానాన్నలు. ఏడుగురు. ఎనిమిదో మనిషి మావారి ఆఫీసులోని తమిళుడు. భోజనం కూడా ఉంటుందని చెప్పి తీసుకొచ్చారు. స్నేహితురాలి నాన్నగారు తహసీల్దారుగా రిటైరైన మనిషి. ఏ కాగితం చూపించినా ముందు తేదీ చూసి, తరువాత సంతకం చూసి, ఆ తరువాతే విషయం చదివేవారు. నాకు ఆయనంటే గౌరవం.

మేము వెళ్ళేసరికి పది గంటల యాభై నిమిషాలు. గదికి నట్టనడుమ, నడుమెత్తు దిమ్మ మీద, గాజు పెట్టెలో జాడీ ఉంది. గుమ్మం లోంచి చూస్తే ముందు దాని ఒక పిడి కనబడుతుంది. కుడికి తిరిగితే సింహం, ఎడమకు తిరిగితే పంది. పరీక్షాధికారి అట్టకు కాగితం తగిలించుకుని పక్కన నిలబడి తల ఊపారు. నా ప్రసంగంలోని మొదటి వాక్యాన్ని ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పాను.

"ఈ జాడీ మీద ఒక దేవత ఉంది."

ఆ వాక్యం నేను పదిహేడుసార్లు తిరగరాసినది. వినేవారి కుతూహలాన్ని రేపడానికి అంతకన్నా మంచిది లేదనుకున్నాను. స్నేహితురాలి కూతురు దాన్ని తెలుగులో చెప్పింది.

"అమ్మమ్మా, జార్ మీద గాడెస్ ఉందట. దేవుడమ్మ."

మా అత్తగారు వెంటనే గుమ్మం దాకా వెనక్కి వెళ్ళి చెప్పులు విడిచి వచ్చారు. ఆవిడను చూసి స్నేహితురాలి అమ్మగారు విడిచారు. తహసీల్దారుగారు ఒక క్షణం ఆలోచించి, బూట్లు కాబట్టి లేసులు విప్పడానికి కిందకు వంగారు. తమిళాయన ఎవరినీ ఏమీ అడగకుండా విప్పేశారు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఉన్న కాపలాదారు నాలుగు జతల పాదరక్షలను చూసి, లేచి నిలబడి, ఏ నిబంధన కిందా రాని నేరమని తెలుసుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"ఇటు రండి," అని నేను కుడికి తిరిగి మూడు అడుగులు వేశాను. వెనక చప్పుడు లేదు. తిరిగి చూస్తే ఎనిమిదిమందీ చేతులు కట్టుకుని ఎడమకు సాగిపోతున్నారు. ముందు మా అత్తగారు, చిట్టచివర మావారు. ఆయన నా వైపు చూసి, ఏం చేయమంటావన్నట్టు కనుబొమలు ఎగరేశారు.

"అత్తయ్యా, ఇటు రావాలి," అన్నాను.

"దేవత ఉందన్నావుగా. అప్రదక్షిణంగా ఎలా తిరుగుతామే? అలా తిరిగేది అశుభకార్యాలకు కదూ?"

తప్పు నాదే. బిందె మీద దేవత ఉందని నేనెప్పుడూ చెప్పలేదు. జాడీ మీద ఉందని చెప్పాను. కుడిచేతివైపు దేవుణ్ణి ఉంచుకుని నడవడం నేర్చిన పాదాలు ఎనిమిది జతలు. వాటిని వెనక్కి తిప్పగల ప్రసంగం నా దగ్గర లేదు. ఒకే వృత్తం మీద ఎదురెదురు దిశల్లో బయలుదేరిన రెండు బిందువులు ఎప్పుడు కలుసుకుంటాయో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఇక్కడ మేము కలుసుకోబోయేది అవతలి పిడి దగ్గర. అప్పటికి నేను సింహం గురించి గోడకు చెప్పి ఉంటాను. వెనక్కి తిరిగి పరుగులాంటి నడకతో వాళ్ళను అందుకున్నాను. పరీక్షాధికారి ఏదో రాసుకున్నారు.

ఆ విధంగా ఆరు నిమిషాల తరువాత రావలసిన పంది మొదటి నిమిషంలోనే ఎదురైంది. నేను కథ ఎత్తుకోకముందే మా అత్తగారు గాజు పెట్టెకు ముక్కు ఆనించారు.

"ఎవరే ఈ కాగులో మనిషి?"

"రాజు అత్తయ్యా."

"రాజా? చేతులు రెండూ పైకెత్తి అరుస్తున్నాడు పాపం. కాగులో ఎందుకు దిగాడు?"

"పందిని మోస్తున్నాడే, ఆయనకు దాన్ని ప్రాణాలతో పట్టి తెమ్మని పని చెప్పాడు. ఆయన తెచ్చాడు. రాజు భయపడిపోయాడు."

"తెమ్మన్నదెవరు, దాక్కున్నదెవరు," అన్నారు తహసీల్దారుగారు. "కలెక్టర్లు కూడా ఇంతేనమ్మా. వరద అంచనా పట్రమ్మంటారు. పట్టుకెళితే మీటింగులో ఉంటారు."

"వీళ్ళ భీముడి కాలు చూడండి అన్నయ్యగారూ," అన్నారు మా అత్తగారు. "కాగు అంచు మీద వేశాడు. పందిని నెత్తిన పడేసేట్టున్నాడు. ఈ తల్లేమో బల్లెం పట్టుకుని చోద్యం చూస్తోంది. ఆవిడకు సున్నం రాలిపోతోందే, మళ్ళీ వేయించకూడదూ వీళ్ళు?"

ఆ తెలుపు గురించి నా ప్రసంగంలో నలభై సెకండ్లున్నాయి. ఆ కాలపు చిత్రకారులు మగవాళ్ళను నల్లగా వదిలేసి, ఆడవాళ్ళ ఒంటికి తెల్లరంగు పూసేవారు. కాల్చాక ఆ తెలుపు నలుపంత గట్టిగా పట్టుకోదు, తరాలు గడిచేకొద్దీ రాలిపోతుంది. దాన్ని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. పూర్తిచేసేలోగా మా అత్తగారు నవ్వడం మొదలుపెట్టారు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. పమిట నోటికి అడ్డంపెట్టుకుని, గాజు పెట్టె అంచు పట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నారు.

"ఆవిడ ఏమంటున్నారు?" అని పరీక్షాధికారి అడిగారు.

"ఏమీ అనడం లేదు," అన్నాను.

"అచ్చం మీ మామగారే," అన్నారు మా అత్తగారు ఊపిరి తీసుకుంటూ. "ఒకసారి గంగిరెద్దు బెదిరి తాడు తెంపుకుని మన పెరట్లోకొచ్చింది. హెడ్మాస్టరుగారు కదా, ఊరంతా హడల్. పంచె ఎగ్గట్టి ఖాళీ గాదెలోకి దూకారు. అందులోంచి తల ఒక్కటే పైకిపెట్టి, 'ముందు దానికి గ్లాసెడు బియ్యం వేసి పంపండే' అని నాకు ఆర్డర్లు. నేనేమో పిల్లవాడిని చంకనేసుకుని ఎద్దుకు ఎదురుగా నిలబడ్డాను."

"ఏ పిల్లవాడు?" అన్నారు మావారు.

"నువ్వేరా. నీకు ఏడాది నిండలేదు. నువ్వు ఏడవలేదు, ఆయనే ఏడ్చారు."

మామగారు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఆయన ఫోటో ఎదుట మావారు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఈ కథ ఆయన వినడం అదే మొదటిసారి. నోరు కొంచెం తెరుచుకుని కాగులోని రాజును చాలాసేపు చూశారు. పద్నాలుగేళ్ళ అమ్మాయి నా అనుమతి అడగకుండా కథ మొత్తాన్ని పరీక్షాధికారికి అప్పజెప్పింది: హెడ్మాస్టర్, బుల్, రైస్ బిన్, ఏదీ వదలలేదు. తమిళాయనకు కూడా అప్పుడే అర్థమై, అందరి నవ్వూ ఆగాక ఒక్కరే నవ్వారు. పరీక్షాధికారి నవ్వారో లేదో నాకు తెలియదు. కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పటికి తొమ్మిది నిమిషాలు. సింహం ఇంకా మిగిలే ఉంది.

వాళ్ళు తమంతట తామే కదిలారు. రెండో పక్కకు చేరాక తహసీల్దారుగారు కళ్ళజోడు సవరించుకుని, చుట్టు తిరిగి వెళ్ళి పందిని చూసి, మళ్ళీ వచ్చి సింహాన్ని చూసి, నా వైపు తిరిగారు.

"అమ్మా, చిన్న సందేహం. అక్కడ ఆ మనిషి సింహం తోలు కప్పుకుని ఉన్నాడు. ఇక్కడ సింహం తోలు సింహం మీదే ఉంది. ఇతని ఒంటి మీద నూలుపోగు లేదు. ఏది ముందు జరిగింది?"

నేను రాసుకున్న ప్రసంగంలో దీనికి సమాధానం ఉంది. పరీక్ష కోసం కంఠస్థం చేసిన వాక్యం అది. దాన్ని చెప్పడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగాను. గుంటూరులో ఎవరైనా పిల్ల మంచి ప్రశ్న వేస్తే నేను జవాబు చెప్పేదాన్ని కాదు.

"మీరే చెప్పండి," అన్నాను.

ఆయన మళ్ళీ పంది దగ్గరకు వెళ్ళారు. ఈసారి కూడా ఎడమగానే. మిగతావాళ్ళు ఆయన వెంట నడిచారు. ముందుగా అరిచింది అమ్మాయి.

"ఆంటీ, లయన్ ఫస్ట్. బికాజ్, లయన్‌ని చంపితేనే కదా కోట్ వస్తుంది. సో ఇక్కడిది తర్వాత. మనం స్టోరీని బ్యాక్‌వర్డ్స్ చూశాం."

"తేదీ వేయకుండా తేదీ చెప్పాడన్నమాట," అన్నారు తహసీల్దారుగారు. ఆయన నోట అంతకు మించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు.

అందరం చుట్టి మళ్ళీ సింహం దగ్గరకు వచ్చాక చెప్పాను. ఈ చిత్రకారులు కథంతా గీయరని, ఒక్క క్షణాన్నే పట్టుకుంటారని. ముందూ వెనకా ఏం జరిగిందో ఒంటి మీది బట్ట, చేతిలోని వస్తువు చెబుతాయని. సింహం తోలును ఏ ఆయుధమూ తెంపలేదు కాబట్టి అతని అంబులపొది, ఉత్తరీయం వెనక కొమ్మకు వేలాడుతున్నాయని, అందుకే వట్టి చేతులతో మెడ నొక్కుతున్నాడని.

"నూతి దగ్గర స్నానానికి దిగినట్టు అన్నీ తగిలించి మరీ దిగాడు," అన్నారు మా అత్తగారు. "శుభ్రమైన మనిషి."

రెండు చుట్లయ్యాయి కాబట్టి, సరి సంఖ్యతో ఆపకూడదని, మూడోది కూడా తిరిగారు. పరీక్షాధికారి కూడా తిరిగారు. ముగిసేసరికి ఇరవై మూడు నిమిషాల పది సెకండ్లు. ఎనిమిది మందితో మొదలుపెట్టి ఎనిమిది మందితో ముగించాను.

ఇంటికి వస్తూ కారులో తప్పులు లెక్కపెట్టుకున్నాను. క్రమం తప్పింది, సమయం దాటింది, చెప్పులు గుమ్మం దగ్గర గుట్టపడ్డాయి. మూడో అవకాశం లేదు.

ఫలితం ఏప్రిల్ 19, గురువారం పోస్టులో వచ్చింది. డెబ్బై వస్తే ఉత్తీర్ణత. కాగితం అడుగున పెద్ద అంకెల్లో డెబ్బై ఒకటి అని, దాని పక్కన సంతకం ఉన్నాయి. మా అత్తగారు బెల్లం పరమాన్నం వండారు. గిన్నె ముందు పెట్టుకుని, అలవాటు కొద్దీ, విడి మార్కులన్నీ కూడి చూశాను. స్పష్టత పద్నాలుగు. విషయం పందొమ్మిది. సమయపాలన ఆరు. నడిపించిన క్రమం మూడు. శ్రోతలు పద్దెనిమిది. కంఠస్వరం ఎనిమిది. వెరసి అరవై ఎనిమిది.

మళ్ళీ కూడి చూశాను. కింది నుంచి పైకీ కూడి చూశాను. అరవై ఎనిమిదే.

పదకొండేళ్ళ ఉద్యోగంలో, కూడిక తప్పిన పిల్లకు ఒక్కనాడూ మార్కు వదలలేదు. ఆ కాగితాన్ని మడిచి డైరీలో పెట్టి, పరమాన్నం తిన్నాను. ఏప్రిల్ 28న నా పేరు రాసిన బిళ్ళ ఇచ్చారు. దాన్ని జాకెట్టుకు గుచ్చుకుని మే 5న పదకొండుమందికి జాడీ చూపించాను. వాళ్ళు కదలకుండా విన్నారు. వాళ్ళు వింటున్నంతసేపూ కాగులోని రాజు రెండు చేతులూ ఎత్తి నన్నే చూస్తున్నట్టనిపించింది. రెండు మార్కుల తక్కువతో తప్పిన మనిషిని. ఆయనలాగే నేనూ తల ఒక్కటే పైకిపెట్టి, లోపల దాక్కుని ఉన్నాను.

"పెద్దావిడ కూడిక తప్పితే నీదా పాపం?" అన్నారు మా అత్తగారు, విషయం చెప్పినప్పుడు. "అయినా నువ్వు చెప్పకుండా ఉండలేవులే. పాలవాడి లెక్క కూడా అతని తరఫున నువ్వే సరిచేసేదానివి," అన్నారు.

మే 12, శనివారం ఉదయం కాగితం, బిళ్ళ రెండూ తీసుకుని పరీక్షాధికారి గదికి వెళ్ళాను. ఆవిడ బల్ల మీద కాగితం పరిచి, కూడిక తప్పిందని చెప్పాను. బిళ్ళను దాని మీద పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అంకెల మీద వేలు జరుపుతూ చివరిదాకా వచ్చారు.

"నాకు కూడిక వచ్చు," అన్నారు.

ఆవిడ వేలు డెబ్బై ఒకటి మీదే ఉంది.

"ఆ మూడూ మీ మామగారికి. ఎద్దుకు భయపడిన హెడ్మాస్టరుకు ఈ కాగితంలో గడి లేదు. గైడు చెప్పకుండానే ఒక ముసలాయన సరైన ప్రశ్న అడిగితే దానికీ గడి లేదు. పాతికేళ్ళుగా ఈ కాగితాన్ని మార్చమని అడుగుతున్నాను, ఎవరూ మార్చరు. కాబట్టి నేను కూడిక తప్పుతూ ఉంటాను. పట్టుకున్నది మీరొక్కరే."

బిళ్ళను నా వైపు జరిపారు. ఆ తరువాత కుర్చీలోంచి లేచి, పది నిమిషాలు తీరిక ఉందని, జాడీ దగ్గరకు వస్తారా అని అడిగారు. శనివారం కావడంతో గదిలో నలుగురైదుగురు ఉన్నారు. గుమ్మంలో ఆవిడ ఒక్క క్షణం ఆగి, నా వైపు ఓరగా చూసి, ఎడమకు తిరిగారు. బూట్లు మాత్రం విప్పలేదు.